ఓనమాలు రావన్న కవయిత్రి

పోయిన శ్రావణమాసంలో కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నారు. హైటెక్ సిటీ ఆఫీసులకు సెలవు పెట్టిన అమ్మాయిలు పట్టుచీరల్లో వచ్చారు. తీరా హారతి వేళకి ఎవరికీ పాట పూర్తిగా రాలేదు. ఫోన్లలో వెతుక్కుంటూ ఉంటే తలుపు పక్కన నిలబడి ఉన్న మా మేనత్త అందుకుంది. ఆమెది మదనపల్లె వైపు. పాట అయ్యాక పసుపు కుంకుమల పళ్ళెం అందరి దగ్గరికీ వెళ్ళింది, ఆమె దగ్గరికి తప్ప. మామయ్య పోయి నాలుగేళ్ళయింది.

"నీకేమీ అనిపించలేదా అత్తా?" అని అడిగాను.

"పాట పాడమన్నారు, పాడినా. బొట్టు సంగతి వాళ్ళూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు" అంది.

ఆ రాత్రి నాకు తరిగొండ వెంగమాంబ గుర్తొచ్చింది. తిరుమలలో ఏకాంత సేవతో స్వామికి రోజు ముగుస్తుంది. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అన్న నానుడి ఆ సేవ గురించే. ముత్యాల హారతి ఆమె పేరు మీదే నడుస్తోంది. అంటే దేవుడికి ఆఖరి హారతి ఒక వితంతువుది. దేవుడికి లేని అభ్యంతరం మన అపార్ట్‌మెంట్లకు ఎందుకో!

వెంగమాంబ (1730-1817) మదనపల్లె ప్రాంతంలోని తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. శిరోముండనానికి ఆమె ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనని, బొట్టూ జుట్టూ తీయనని నిలబడింది. మఠాధిపతి ముందు పంచాయితీ పెట్టారనీ, ఆమె మహిమ చూపిందనీ కథగా చెప్పుకుంటారు. మహిమ మాట పక్కన పెట్టినా, ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు ఒక ఆడపిల్ల తన తల మీది జుట్టు తనదేనని అనడం చిన్న విషయం కాదు. ఆ కాలంలో అలా అనడానికి ఆమెకు భక్తి తప్ప మరో భాష అందుబాటులో లేదు.

తరిగొండ నుంచి తిరుమల చేరిన ఆమె జీవితమంతా రాస్తూనే ఉంది. నృసింహ శతకం, శివనాటకం, బాలకృష్ణ నాటకం లాంటి యక్షగానాలు, ద్విపదలో రాజయోగామృతసారం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. అయితే ఈ వేంకటాచల మాహాత్మ్యంలోనే, చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్చుకోలేదనీ, తన చేత పలికించింది దైవమేననీ చెప్పుకుంది. విమర్శకులు చాలామంది ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నారు. ద్విపదలో ప్రతి పాదానికీ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం రావాలి, యతిప్రాసలు కుదరాలి. వేల పాదాలు అలా నడిపించిన మనిషికి చదువు లేదని ఎలా నమ్మడం?

ఆమెకంటే ముందే మొల్ల కూడా తనకు శాస్త్రాలు తెలియవంది. కవులు వినయం ప్రకటించడం మామూలే. కానీ స్త్రీల విషయంలో ఆ వినయం రాయడానికి కట్టే సుంకం లాంటిది. 'నేను కాదు, దేవుడు రాశాడు' అంటే ఇక ఆ రాతను ఆపే అధికారం ఎవరికీ ఉండదు.

అదే శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ఈ సుంకం కట్టలేదు. 'రాధికా సాంత్వనం' అవతారికలో తన ప్రతిభనూ, తన ఇంటి ఆడవాళ్ళ పరంపరనూ గర్వంగా చెప్పుకుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని తిరిగి అచ్చువేయించాక ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యానికి కాస్త ముందు, ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చాక గాని ఆ నిషేధం తొలగలేదు. ఒకరిని అశ్లీలమన్న పేరుతో చదవనివ్వలేదు. మరొకరిని పవిత్రమన్న పేరుతో చదవకుండా దండం పెట్టి వదిలేశాం. ఇద్దరి విషయంలోనూ పక్కకు పోయింది కవిత్వమే.

తిరుమలలో 2011 నుంచి అన్నప్రసాద భవనం 'మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ' పేరుతో ఉంది. రోజూ వేలమంది ఆ బోర్డు కింద నుంచి లోపలికెళ్ళి భోంచేసి వస్తారు. దేవస్థానం ఆమె రచనల్ని అచ్చు కూడా వేసింది. కానీ నేను తెలుగు ఎం.ఏ. చదివిన రెండేళ్ళలో ఆమె పద్యం ఒక్కటీ పాఠంగా రాలేదు. పిహెచ్.డి. అయ్యాక, నా అంతట నేను వెతుక్కుని చదివాను. బిడ్డల్ని కనని ఆమెను 'మాతృశ్రీ'ని చేయడం మనకు తేలికైంది, కవిగా ఒప్పుకోవడం మాత్రం కష్టంగా ఉంది.

మర్నాడు అత్తకి వెంగమాంబ గురించి చెప్పాను. హారతి సంగతి ఆమెకు ముందే తెలుసు. జుట్టు సంగతి తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయమ్మ రాసిన పుస్తకాలు నీ దగ్గరుంటే తీసీ మ్మా, కండ్లద్దాలు పెట్టుకుంటే చదవగలను" అంది.

వచ్చే శ్రావణానికి ఆ పళ్ళెం ఆమె చేతికే ఇవ్వమని మా అపార్ట్‌మెంట్‌లో అడగబోతున్నాను.