పరాయి అకౌంటులోని బకెట్: ఒక ఆదేశానికి వ్యాఖ్యానం

మూలం: కాపీ అమ్మకాలు ఫ్రమ్ 'ఎస్‌3://దుకాణం-ఫైళ్లు/' ఐఏఎం_రోల్ 'మొదటిరోల్,రెండోరోల్'

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ శిక్షణ కేంద్రాల్లో డేటా ఇంజినీరింగ్ నేర్చుకునే పిల్లలు సాధారణంగా ఒకే ఏడబ్ల్యూఎస్ అకౌంటులో అభ్యాసం చేస్తారు. ఉద్యోగంలో చేరాక రెడ్‌షిఫ్ట్ వేర్‌హౌస్ ఒక అకౌంటులో, ఫైళ్లు మరో అకౌంటులో ఎదురవుతాయి. ఒకే అకౌంటులో, ఎక్కడా నిషేధం రాసి లేకపోతే, రోల్ వైపు గాని బకెట్ వైపు గాని ఒక్క అనుమతి చాలు. అకౌంట్లు రెండైతే ఇరువైపులా ఒప్పుకోవాలి. ఈ తేడా చెప్పకుండా ఆదేశాన్ని బట్టీ పట్టిస్తే విద్యార్థికి అన్యాయం జరిగినట్టే.

కాపీ: ఎస్‌3లోని ఫైళ్లను వేర్‌హౌస్ పట్టికలోకి ఎక్కిస్తుంది. తిరిగి బయటికి రాసేది అన్‌లోడ్.

ఫ్రమ్: బకెట్ పేరు చూస్తే అది ఏ అకౌంటుదో తెలియదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. అది ఏ రీజియన్‌లో ఉందో కూడా తెలియదు. ఫైళ్లు 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో ఉండి, వేర్‌హౌస్ ముంబయి రీజియన్‌లో ఉంటే ఆదేశం చివర రీజియన్ పేరు విడిగా రాయాలి.

మొదటి రోల్: వేర్‌హౌస్ ఉన్న అకౌంటుది, క్లస్టర్‌కు తగిలించి ఉండేది. దీన్ని ఎవరు ధరించవచ్చో చెప్పే ట్రస్ట్ పాలసీలో రెడ్‌షిఫ్ట్ సేవను నమ్ముతున్నట్టు ఉండాలి. ఫైళ్లు చదివే హక్కు దీనికి అక్కర్లేదు. రెండో రోల్‌ను ధరించే హక్కు, అంటే అసూమ్‌రోల్ అనుమతి, ఉంటే చాలు.

రెండో రోల్: బకెట్ యజమాని అకౌంటుది. అసలు అధికారం దీనిదే. బకెట్‌లోని జాబితా చూడడం, ఫైళ్లు చదవడం అనే రెండు అనుమతులూ దీనికుండాలి. దీని ట్రస్ట్ పాలసీలో మొదటి రోల్ పూర్తి చిరునామా, 12 అంకెల అకౌంటు నంబరుతో సహా రాయాలి. చాలామంది తొందరలో అవతలి అకౌంటు మొత్తాన్నీ నమ్మేస్తారు. అప్పుడు ఆ అకౌంటులో అసూమ్‌రోల్ అనుమతి పొందిన ఎవరైనా లోపలికి రావచ్చు. రోల్‌నే పేరు పెట్టి రాయమని నేను గట్టిగా చెబుతాను. ఒక జాగ్రత్త: మొదటి రోల్‌ను తీసేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే నమ్మకం తెగిపోతుంది. ట్రస్ట్ పాలసీ లోపల దాచుకునేది పాత రోల్‌కున్న ప్రత్యేక గుర్తింపునే. పాలసీలో రోల్ చిరునామాను మళ్లీ రాసి సేవ్ చేయాలి.

కామా: రోల్ గొలుసుకు ముడి ఇదే. దీని పక్కన ఖాళీ ఉండకూడదు. వరసా మారకూడదు, వేర్‌హౌస్ వైపు రోల్ ముందు రావాలి.

గొలుసెందుకు, బకెట్ పాలసీలో మొదటి రోల్ పేరు రాసి, ఆ రోల్‌కే చదివే హక్కు ఇస్తే సరిపోదా? చదవడానికి సరిపోతుంది. అయితే ఆదేశంలో కనిపించని పదం ఒకటుంది: కేఎంఎస్ తాళం. ఫైళ్లు ఎస్‌3 కోసం ఏడబ్ల్యూఎస్ తానే నిర్వహించే కేఎంఎస్ తాళంతో మూసి ఉంటే, దాని పాలసీని మనం మార్చలేం. కనుక పరాయి అకౌంటు రోల్‌కు అది తెరుచుకోదు, బకెట్ పాలసీ ఎంత ఉదారంగా ఉన్నా సరే. గొలుసులో చివరికి చదివేది యజమాని అకౌంటులోని రోల్ కాబట్టి ఆ తాళం అడ్డురాదు. సొంతంగా చేసుకున్న తాళమైతే రెండో రోల్‌కు డిక్రిప్ట్ అనుమతి కలపాలి.

హాస్టల్ గదిలో ఇద్దరు మిత్రులు చెరో అకౌంటు తెరిచి, ఒకరు వేర్‌హౌస్, మరొకరు బకెట్ పెట్టుకుని దీన్ని సాధన చేయవచ్చు. ముందు రెండో రోల్ ట్రస్ట్ పాలసీలో మొదటి రోల్ చిరునామా బదులు వేరే రోల్‌ది రాసి, తర్వాత మొదటి రోల్‌కున్న అసూమ్‌రోల్ అనుమతి తీసేసి చూడండి. రెండుసార్లూ కాపీ ఆగిపోతుంది. రెండూ తిరిగి పెట్టి కాపీ నడిచాక, ఇద్దరి క్లౌడ్‌ట్రెయిల్ లాగ్‌లోనూ అసూమ్‌రోల్ నమోదు వెతకండి.