ఊరూ పేరూ లేని యంత్రాలు

2007లో ఓ రాత్రి. ఆఫీసులో నేనూ, ఏసీ చప్పుడూ తప్ప ఇంకెవరూ లేరు. నా ముందు రెండు పుట్టీ విండోలు తెరిచి ఉన్నాయి. ఒకటి టెస్టు సర్వరు, రెండోది కస్టమరు ఆర్డర్లు నడిచే అసలు సర్వరు. టెస్టు సర్వర్లో పాత డేటాబేసు తుడిచేసి కొత్తది ఎక్కించాలి, అంతే పని. తుడిచేశాను. పావుగంటలో ఫోను మోగడం మొదలెట్టింది.

రెండు విండోల్లోనూ ప్రాంప్టు ఒకటే... రూట్ ఎట్ లోకల్‌హోస్ట్. ఏది ఏదో చూసి చెప్పే దారి లేదు. ముందు రోజు బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం గానీ, ఆ ఒక్కరోజు ఆర్డర్లన్నీ కస్టమరు దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలు ప్రింటు కాయితాలు ముందేసుకుని మూడు రోజులు కూర్చుని మళ్ళీ ఎక్కించారు. వాళ్ళకి ఈ హోస్ట్‌నేమ్ గొడవేంటో ఇప్పటికీ తెలీదు. ఆ సర్వర్లకి పేర్లు పెట్టకుండా అలా వదిలేసిన మహానుభావుడెవరా అని మర్నాడు మా మేనేజరు ఆరా తీశాడు. రెండిట్లోనూ రెడ్ హ్యాట్ ఎక్కించింది నేనే. పేరు అడిగే తెర దగ్గర నెక్స్ట్ నొక్కుకుంటూ పోయాను.

అప్పట్నుంచీ నాకు కంప్యూటర్ల పేర్ల మీద ఓ కన్ను. ఈ పేర్లు ఎక్కడ మొదలయ్యాయో, ఎవరు పెట్టారో, పెట్టకుండా వదిలేస్తే యంత్రం తనకి తానే ఏం పెట్టుకుంటుందో వెతుక్కుంటూ పోతే బోలెడు చరిత్ర దొరికింది.

ముందు ఈ లోకల్‌హోస్ట్ సంగతి. 127.0.0.1 అంటే ఏ యంత్రానికైనా "ఇదిగో, నేనే" అని అర్థం. దాన్ని పిలిచే మాటే లోకల్‌హోస్ట్. అంటే అది పేరు కాదు, సర్వనామం. ఎవరో తలుపు కొడతారు. "ఎవరూ?" అంటే "నేనే" అంటారు. గొంతు గుర్తుపడితే సరే, లేకపోతే ఆ జవాబు దేనికీ పనికిరాదు కదా! నా రెండు సర్వర్లూ ఆ రాత్రి చేసింది సరిగ్గా అదే.

ఇక అసలు పేర్ల చరిత్ర. ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో 1969లో మొదటి కంప్యూటర్లు కలిశాయి. వాటికి అంకెలుండేవి. అంకెలు మనుషులకి గుర్తుండవు కాబట్టి ఎవరికి వాళ్ళు పేర్లు పెట్టుకుని తమ దగ్గర ఓ జాబితా రాసుకునేవాళ్ళు. ఒకే యంత్రానికి ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు. 1971లో మైటర్ సంస్థలో పనిచేసే పెగ్గీ కార్ప్ అనే ఆవిడ "అందరం ఒకే పేర్లు వాడదాం" అని ఓ ఆర్.ఎఫ్.సి. రాసింది. దాని నెంబరు 226. (నెట్‌వర్కు పెద్దలు ఒకరికొకరు రాసుకునే ప్రతిపాదనలకి, నియమాలకి ఆర్.ఎఫ్.సి. అని పేరు. మన వాళ్ళలో చాలామందికి తెలిసిందే.) అయినా ఎవరి జాబితా వాళ్ళదే అయ్యింది. 1973 డిసెంబరులో పీటర్ డాయిచ్ అనే ప్రోగ్రామరు, ప్రతి చోటా ఈ పట్టికని చేత్తో దిద్దుకోవడం ఏంటి, ఒక్క చోట ఫైలుగా పెడితే అందరం తెచ్చుకుంటాం కదా అని ఆర్.ఎఫ్.సి. 606 రాశాడు. మరుసటి నెలలోనే స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని నెట్‌వర్కు సమాచార కేంద్రం వాళ్ళు సరేనన్నారు.

ఆ కేంద్రాన్ని నడిపినావిడ ఎలిజబెత్ ఫైన్లర్, అందరికీ "జేక్". మీరు కొత్త యంత్రం పెడితే ఈ కేంద్రానికి మెయిలు రాయాలి. వాళ్ళు ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో చూసి, హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్లో చేరుస్తారు. వారానికి ఒకటి రెండు సార్లు కొత్త ఫైలు తయారయ్యేది. అందరూ దాన్ని ఎఫ్‌టీపీలో దింపుకునేవాళ్ళు. మొత్తం నెట్‌వర్కుకి అదొక్కటే ఓటర్ల జాబితా అన్నమాట. ఆ ఫైలు ఆనవాలు మీ యంత్రంలో ఇప్పటికీ ఉంది. లినక్స్‌లో ఈటీసీ డైరెక్టరీలో, విండోస్‌లో సిస్టం32 లోపల డ్రైవర్స్ కింద, హోస్ట్స్ అనే ఫైలు తెరిచి చూడండి. విండోస్ వాళ్ళు ఆ ఫోల్డరుకి కూడా ఈటీసీ అనే పేరుంచేశారు.

పేరులో ఏ అక్షరాలుండొచ్చో కూడా ఆ పట్టిక కోసమే రాశారు. 1985లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 952 ప్రకారం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, అంతే. మొదట అక్షరమే ఉండాలి. 24 దాటకూడదు. చిన్న బడి పెద్ద బడి తేడా లేదు. మొదట అంకె ఉన్నా ఫరవాలేదని 1989లో సడలించారు. అండర్‌స్కోరు మాత్రం ఇప్పటికీ కూడదు. హోస్ట్‌నేమ్‌లో అండర్‌స్కోరు పెట్టి, సర్టిఫికెట్ దగ్గరో ఇంకో చోటో దెబ్బతిన్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. అది ఆనాటి పట్టిక పెట్టిన ఆంక్షే.

పట్టిక పెరిగిపోయింది. అంతకన్నా పెద్ద చిక్కు, ఒక పేరు ఒక్కరికే దక్కడం. క్లాసులో ముగ్గురు శ్రీనివాసులుంటే పంతులుగారు ఏం చేస్తారు? ఇంటిపేరు పెట్టి పిలుస్తారు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఆర్.ఎఫ్.సి. 882, 883ల్లో రాసిన డీఎన్ఎస్ చేసింది అదే. ప్రతి సంస్థకీ ఓ ఇంటిపేరు ఇచ్చి, లోపల మీ పిల్లలకి మీ ఇష్టమొచ్చిన పేర్లు పెట్టుకోండి, మమ్మల్ని అడగక్కర్లేదు అంది. కాకపోతే మనం ఇంటిపేరు ముందు రాస్తాం, డీఎన్ఎస్‌లో అది చివర. అన్నట్టు, బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు జానెట్‌లో మనలాగే పెద్దది ముందు రాసేవాళ్ళు. మొదట యూకే, తరవాత ఏసీ, తరవాత కాలేజీ, ఆఖర్న డిపార్ట్‌మెంటు. కంప్యూటర్ సైన్సు వాళ్ళ చిరునామా సీఎస్‌తో ముగిసేది. మిగతా ప్రపంచం లెక్కలో సీఎస్ అంటే చెకోస్లొవేకియా. తిప్పలు తప్పలేదు :)

ఇంటిపేర్లు వచ్చాక అసలు పండగ మొదలైంది. ఎవరి ల్యాబులో వాళ్ళు నచ్చిన పేర్లు పెట్టుకున్నారు. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు విద్యార్థులు వెబ్‌సైట్ల జాబితా ఒకటి తయారుచేశారు. జెర్రీ యాంగ్ యంత్రం పేరు అకెబోనో, డేవిడ్ ఫైలో యంత్రం పేరు కొనిషికి. ఇద్దరూ హవాయిలో పుట్టి జపానులో పేరు తెచ్చుకున్న సూమో వస్తాదులు. యాహూ మొదటి చిరునామాలో ఆ అకెబోనో ఉండేది. వెబ్ పుట్టిన యంత్రం పేరు మాత్రం చప్పగా ఉంటుంది... సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ వాడిన నెక్స్ట్ కంప్యూటరు పేరు ఎన్ఎక్స్ఓసీ01. నెక్స్ట్ అన్న మాటలోంచి రెండక్షరాలు, ఆ విభాగం పేరులోంచి రెండు, దాని మీద ఓ నెంబరు. ఆఫీసు స్టిక్కరు లాంటి పేరు. అందుకే కాబోలు లోకానికి చెప్పడానికి ఇన్ఫో అని మారుపేరు పెట్టారు.

సరదాగా పెట్టిన పేరు నిజమైపోయిన కథ కూడా ఉంది. 1984 ఏప్రిల్ ఒకటిన ఆమ్‌స్టర్‌డామ్‌లో పీట్ బీర్టెమా, సోవియట్ నాయకుడు చెర్నెంకో రాసినట్టు యూజ్‌నెట్‌లో ఓ సందేశం పెట్టాడు. వచ్చిన యంత్రం పేరు క్రెమ్‌వాక్స్... క్రెమ్లిన్ వాళ్ళ వాక్స్ కంప్యూటరన్నమాట. చాలామంది నమ్మేశారు. తర్వాత కొన్నేళ్ళకి మాస్కోలో నిజంగానే నెట్‌వర్కు పెట్టినవాళ్ళు తమ యంత్రానికి ఆ పేరే పెట్టుకున్నారు. 1991 ఆగస్టు తిరుగుబాటు రోజుల్లో అక్కడి వార్తలు ఆ నెట్‌వర్కు గుండా బయటికొచ్చాయి.

మన దేశంలో బొంబాయి ఎన్‌సీఎస్‌టీ వాళ్ళ యంత్రాలు శక్తి, సాథీ. తొంభైల్లో ఇక్కణ్ణించి వెళ్ళిన మెయిళ్ళలో ఈ పేర్లు కనపడేవి. నేను మొదట పనిచేసిన చోట నదుల పేర్లు ఉండేవి. "గోదావరి నిండిపోయింది" అంటే డిస్కు ఖాళీ లేదని, "పెన్న పడుకుంది" అంటే సర్వరు ఆగిపోయిందని. కొత్తగా చేరిన కుర్రాడు మొదటివారం వాతావరణ వార్తలనుకున్నాడు.

ఇలాంటి తికమకల మీద కూడా ఓ ఆర్.ఎఫ్.సి. ఉంది. 1990లో డాన్ లీబ్స్ రాసిన 1178. కంప్యూటరుకి పేరు ఎలా పెట్టాలి అన్నదే విషయం. అందులో ఓ యంత్రం కథ చెప్తాడు. అప్‌డేట్లు తీసుకునేది అదొక్కటే కాబట్టి దానికి "అప్" అని పేరు పెట్టారు. ఇక "అప్ డౌనా?" అని అడగడం, "మెషీన్ బూట్ అప్ చెయ్యి" అంటే "ఏ మెషీనూ?" అనడం. ఆయన సలహాలు సూటిగా ఉంటాయి. మీ పేరు పెట్టకండి. ఆ యంత్రం చేసే ప్రాజెక్టు పేరు పెట్టకండి, రేపు ప్రాజెక్టు మారుతుంది. పొడుగు పేర్లొద్దు. పూలో, పురాణ పాత్రలో, ఏదో ఒక వరస పెట్టుకోండి.

ఇదంతా మనుషులు పేర్లు పెట్టిన కాలం. తర్వాత ప్రతి ఇంటికీ కంప్యూటరు వచ్చింది, పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేదు. అప్పుడు ఇన్‌స్టాలరే పేరు పెట్టడం మొదలెట్టింది. మీ ఆఫీసు విండోస్ యంత్రం పేరు డెస్క్‌టాప్, ఓ గీత, తర్వాత ఏడు పిచ్చి అక్షరాలు అయ్యుండొచ్చు. లాప్‌టాప్ అయితే గీత తర్వాత ఎనిమిది. విండోస్ సర్వరైతే విన్ అని, గీత తర్వాత పదకొండు. ఇంగ్లీషు స్పెల్లింగుతో లెక్కపెట్టండి. మూడూ సరిగ్గా 15. ఎనభైల్లో ఐబీఎం పీసీ నెట్‌వర్కు కోసం చేసిన నెట్‌బయాస్‌లో పేరుకి 16 బైట్ల జాగా ఉండేది. మైక్రోసాఫ్ట్ ఆఖరి బైటుని అది ఏ రకం సర్వీసో చెప్పడానికి వాడుకుంది, మిగిలినవి 15. ఇవాళ మనం కొనే లాప్‌టాప్ పేరు ఆ కొలతకే కుట్టిన చొక్కా.

ఆపిల్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. సెటప్‌లో మీ పేరు చెప్తారు కదా, అదే తగిలించి "ఫలానా వారి మాక్‌బుక్" అంటారు. ముచ్చటగానే ఉంటుంది. విండోస్ 7 కూడా యూజరు పేరుకి పీసీ అని తగిలించేది. కానీ మీరు ఎయిర్‌పోర్టులో వైఫై తగిలించుకున్నప్పుడు, ఐపీ అడ్రసు అడిగే డీహెచ్‌సీపీ సందేశంలో మామూలుగా ఆ హోస్ట్‌నేమ్ కూడా వెళ్తుంది. ఫలానా ఆవిడ ఇక్కడుంది అని పక్క కుర్చీలో వాడికి ఆవిడ లాప్‌టాపే చెప్పేస్తుందన్నమాట. 2017లో క్రిస్టియన్ హ్యుటెమా, మరో ఇద్దరు కలిసి ఆర్.ఎఫ్.సి. 8117లో, ఇప్పుడున్న హోస్ట్‌నేమ్ అలవాటే హానికరం అని తేల్చారు. 2022లో ఐఓఎస్ 16 నుంచి, ప్రత్యేక అనుమతి లేని యాప్ ఫోను పేరు అడిగితే ఉత్తి "ఐఫోన్" అనే జవాబొస్తుంది.

మరి క్లౌడులో? అక్కడ పేర్లతో పనే లేదంటారు. అమెజాన్‌లో ఐపీ అడ్రసే పేరు. డాకర్ కంటైనరుకి దాని ఐడీలో మొదటి 12 అక్షరాలు. కుబర్నెటీస్‌లో పేరు చివర వచ్చే ఐదక్షరాల్లో అచ్చులు వాడరు, పొరపాటున బూతుమాట తయారైపోతుందని. గంట బతికి పోయే యంత్రానికి బారసాల ఎందుకూ అంటారు. నిజమే, అది సబబే. పైగా ఆ పిచ్చి పేర్లు కూడా దేనికదే వేరుగా ఉంటాయి. నా రెండు లోకల్‌హోస్ట్‌ల కన్నా వెయ్యి రెట్లు నయం.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే, డిఫాల్టు పేరుతో రెండు రకాల ప్రమాదాలు. అందరికీ ఒకటే పేరైతే, లోపలున్న మనకి ఏది ఏదో తెలీదు, నాలాగా అసలు సర్వరు తుడిచేస్తాం. మన పేరే దాని పేరైతే, బయటున్న వాడికి అన్నీ తెలిసిపోతాయి. ఒకటి చెప్పాల్సింది చెప్పదు, రెండోది చెప్పకూడనిది చెప్తుంది. లీబ్స్ 1990లో చెప్పిన పూల పేర్లు, పురాణాల పేర్లు రెండిటికీ మందే. తుంగభద్ర అంటే మా టీములో అందరికీ తెలుసు, బయటివాడికి అదొక నది, అంతే.

ఆ గొడవైన వారం నేను చేసిన మొదటి పని ఆ రెండు సర్వర్లకి పేర్లు పెట్టడం. అసలుదానికి కృష్ణ, టెస్టుకి మూసీ. కృష్ణ ప్రాంప్టు ఎర్ర రంగులో వచ్చేట్టు కూడా చేశాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ముందే పెట్టుంటే ఇద్దరమ్మాయిలకి మూడు రోజులు మిగిలేవి.

మీ ముందున్న యంత్రంలో టెర్మినల్ తెరిచి హోస్ట్‌నేమ్ అని కొట్టి చూడండి. లినక్స్‌లోనూ, మాక్‌లోనూ, విండోస్‌లోనూ అదే కమాండు. వచ్చిన జవాబు మీరు పెట్టిందేనా?