గ్లాక్ 19
గ్లాక్ 19 ఆస్ట్రియాకు చెందిన గ్లాక్ సంస్థ 1988లో విడుదల చేసిన చిన్న పిస్తోలు. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ 17కు ఇది కుదించిన రూపం. దీని మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి.

వదంతులు
ప్లాస్టిక్ చట్రం వల్ల గ్లాక్ పిస్తోళ్లు విమానాశ్రయ తనిఖీల్లో దొరకవని 1980లలో వదంతి వ్యాపించింది. 1990 నాటి 'డై హార్డ్ 2' చిత్రంలోని కల్పిత 'గ్లాక్ 7' ప్రస్తావన దానికి ఊతమిచ్చింది. వాస్తవానికి వీటి బారెల్, స్లైడ్ ఉక్కుతో చేసినవి. తనిఖీ యంత్రాలు వీటిని గుర్తిస్తాయి.

భద్రత
సాధారణ నమూనాలకు సేఫ్టీ మీట లేనందున కిందపడితే పేలుతాయన్నది మరొక అపోహ. ట్రిగ్గర్ నొక్కనిదే పేలకుండా ఇందులో మూడు భద్రతా ఏర్పాట్లు ఉన్నాయి. అయితే వేలు గాని, దుస్తుల అంచు గాని ట్రిగ్గర్‌ను నొక్కితే ఆ మూడూ తొలగిపోతాయి. విడదీయడానికి కూడా ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసిన తరువాత కూడా చాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. కనుక ముందుగా చాంబర్‌ను పరిశీలించడం తప్పనిసరి.