పదానికీ వచనానికీ నడుమ: తాళ్లపాక కవుల దృష్టిలో కవిత్వపు హద్దు

ఛందోబద్ధమైనది పద్యమనీ, కానిది వచనమనీ చేసే విభజన తెలుగులో స్థిరపడినదే. కానీ 15, 16 శతాబ్దాల్లో తిరుపతి కేంద్రంగా రచనలు చేసిన తాళ్లపాక కవుల సాహిత్యం ఈ విభజనలో పూర్తిగా ఇమడదు.

అన్నమాచార్యుని (1408–1503) చరిత్రను ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించాడు. అలిపిరి మార్గంలో కొండ ఎక్కుతూ అలసి నిద్రించిన బాలుడు, కలలో అలమేలుమంగను దర్శించి, మేల్కొని ఆమెపై శతకం చెప్పాడని అందులోని కథనం. దీని చారిత్రకత ఎలా ఉన్నా, పదకర్తగా ప్రసిద్ధుడైన కవి తొలి వాక్కుగా ఆయన వంశం చెప్పుకొన్నది పదాన్ని కాదు, పద్యశతకాన్ని. పద్యానికి ఉన్న గౌరవాన్ని ఇది సూచిస్తుంది. పదానికీ ఆ గౌరవం దక్కాలంటే దానికి లక్షణశాస్త్రం కావాలి.

ఆ లోటును ‘సంకీర్తన లక్షణం’ పూరించింది. అన్నమాచార్యుని సంస్కృత మూలం, పెదతిరుమలాచార్యుని వ్యాఖ్య నేడు అలభ్యాలు; చినతిరుమలాచార్యుని తెలుగు అనువాదమే మిగిలింది. ఇది కృష్ణమాచార్యుని వచనాల వంటి రచనలను ‘తాళగంధి’ చూర్ణికలుగా పరిగణించింది. ఈ పేరులోనే ఒక సిద్ధాంతం ఉంది. గద్యాన్నీ కావ్యంగా అంగీకరించిన వామనుడు, వృత్తపు ఛాయలు గల గద్యాన్ని ‘వృత్తగంధి’ అన్నాడు. తాళ్లపాక లాక్షణికులకు కొలమానం వృత్తం కాదు, తాళం. తాళానికి పూర్తిగా కట్టుబడినది పదం. తాళపు వాసన మాత్రమే ఉన్నది ఈ చూర్ణిక. ఈ రెంటి మధ్య ఉన్నది తారతమ్యమే కాని అగాధం కాదు. పెదతిరుమలాచార్యుడు పదాలతోపాటు ‘శ్రీ వేంకటేశ్వర వచనములు’ కూడా రచించడం ఈ దృష్టికి అనుగుణమే.

ఈ కొలమానానికి అసలు పరీక్ష 20వ శతాబ్దంలో ఎదురైంది. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకులు వెలుగు చూసేనాటికి పదాలపై రాగనామాలు ఉన్నాయి, స్వరలిపి లేదు. గానం తొలగిపోయిన పదం కవిత్వంగా నిలిచిందా? పల్లవి, చరణాలు, యతిప్రాసలు రేకులపై నిలిచే ఉన్నాయి. వాటి ఆధారంగానే పరిష్కర్తలు పదాలను ముద్రించగలిగారు, తరువాతివారు కొత్త బాణీలు కట్టగలిగారు. అంటే పదంలోని లయ గాయకునిపైనే ఆధారపడలేదు; మాటల అమరికలోనూ ఉంది.

కాబట్టి తాళ్లపాక సంప్రదాయంలో కవిత్వాన్ని వచనం నుంచి వేరు చేసేది గణనియమం ఒక్కటే కాదు, మాటల్లో నిక్షిప్తమైన లయ. ఆధునిక వచనకవిత చుట్టూ సాగిన వాదాలను పరిశీలించేవారు ఈ దేశీయ లక్షణచర్చను కూడా పూర్వరంగంగా గుర్తించవలసి ఉంటుంది.