ఏజెన్సీ భూమి – దళారి మీద చట్టం

భద్రాచలం ఏజెన్సీలో భూమి క్రయవిక్రయాలకు ప్రభుత్వం కళ్లెం వేసి నూరేళ్లు దాటింది. అమ్మేవాణ్నీ కొనేవాణ్నీ అడ్డుకున్న చట్టాలు, వాళ్లిద్దరినీ కలిపే దళారి జోలికి మాత్రం చాలాకాలం వెళ్లలేదు.

అప్పులిచ్చిన షావుకార్లు బాకీ కింద గిరిజనుల పొలాలు రాయించుకుంటున్న రోజుల్లో, 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. భద్రాచలం అప్పుడు గోదావరి ఏజెన్సీలో ఉండేది. ప్రభుత్వ ఏజెంటు ముందస్తు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరుల పరమైతే ఆ బదలాయింపు చెల్లేది కాదు. 1959లో కొత్త భూబదలాయింపు రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్) వచ్చింది. ఆ ఏడాదే భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1963లో ఆ రెగ్యులేషన్ తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకూ విస్తరించింది.

అయినా గిరిజనేతరుల చేతుల్లోకి ఒకసారి పోయిన భూమి వాళ్లలో వాళ్లకే మారుతూ ఉండేది. దానికి అడ్డుకట్ట వేసింది 1970 నాటి సవరణ, జనం నోట 1/70. దాని ప్రకారం ఏజెన్సీలో ఎవరు అమ్మినా కొనాల్సింది గిరిజనులు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చినట్టు చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం స్వాధీనంలో ఉన్నవాడిదే. అమ్మకం, తాకట్టు, దానం మాత్రమే కాదు, లీజు కూడా బదలాయింపే. 1978లో ఇలాంటి పత్రాల రిజిస్ట్రేషన్‌ను నిషేధించి, అక్రమంగా కొన్నవాడికి ఏడాది దాకా జైలుశిక్ష చేర్చారు. 1/70 చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది.

రిజిస్ట్రేషన్ ఆగితే బేరం తెల్లకాగితం మీదికి మారింది. ఇద్దరు సాక్షులు, ఒక సంతకం, బయానా రోజే దళారికి కమీషన్. రేపు ఎల్‌టీఆర్ కేసు పడి భూమి పోతే కొన్నవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. ఆ కమీషన్ మాత్రం వెనక్కి రాదు.

దళారిని నేరుగా పట్టుకున్నది 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా). రెరా కింద నమోదు కావాల్సిన వెంచర్లలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి, ప్రతి అమ్మకంలో తన నంబరు చూపాలి, లెక్కలు రాయాలి, నమోదుకాని వెంచర్‌ను అమ్మకూడదు. తప్పితే రోజుకు 10 వేల రూపాయల జరిమానా. ఖమ్మం చుట్టుపక్కల వెంచర్లకు ఇది పనికొచ్చే చట్టమే. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలో వేసిన ప్రాజెక్టుకు నమోదు అక్కర్లేదు. ఇళ్లు అద్దెకు కుదిర్చే బ్రోకర్లకూ రెరా వర్తించదు. అడవి అంచున తెల్లకాగితం బేరం కుదిర్చేవాడు దాని పరిధిలోకే రాడు.

1/70లో దళారికీ శిక్ష పడేలా ఒక నిబంధన చేర్చాలి. అప్పటిదాకా కొనేవాళ్లు బయానా ఇవ్వకముందే ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. వెంచరైతే ఏజెంటు రెరా నంబరు చూడాలి. ఏజెన్సీలో గిరిజనేతరుడికి చెల్లే తెల్లకాగితం ఏదీ లేదు.