ఎవరి పొలంలో నడిచావమ్మా?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి వచ్చిన మొదటి అక్టోబరులో ఒక ఆదివారం అర్ధరాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా ఊళ్లో అప్పుడు తెల్లవారుజాము, ఆయన పాలు పితకడానికి లేచే వేళ. ఆ రోజు యూనివర్సిటీ వాకింగ్ క్లబ్‌తో కలిసి 20 కిలోమీటర్లు నడిచానని చెప్పాను. గొర్రెల మందల మధ్య నుంచి, కోసిన పొలాలకి అడ్డంగా, ఒక చోటైతే ఒక రైతు ఇంటి దొడ్డిలో నుంచే నడిచామని చెప్పుకుపోతుంటే ఆయన అంతా విని ఒకటే అడిగాడు: "ఎవరి పొలంలో నడిచావమ్మా? ఆసామి ఏమీ అనలేదా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆసామి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు, అంతే తెలుసు. ఆ చెయ్యి ఊపడం వెనక ఎంత కథ ఉందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఈ దేశం గురించి మనకి రాజులు, యుద్ధాలు, కంపెనీ, వైస్రాయిలు తెలుసు. ఈ దేశంలోని మామూలు జనం చరిత్ర నాకు మాత్రం కాళ్ల ద్వారా తెలిసింది. నాన్న ప్రశ్నకి నేను ఇచ్చుకుంటున్న జవాబే ఈ వ్యాసం.

ముందు క్లబ్ సంగతి. ఇక్కడ చదువులు మొదలయ్యే వారంలో విద్యార్థి సంఘాలన్నీ బల్లలు వేసుకుని కూర్చునే ఒక సంత జరుగుతుంది. వాకింగ్ క్లబ్ బల్ల మీద మ్యాపులూ బురద బూట్లూ పెట్టి ఉన్నాయి. ఏడాదికి కొద్దిపాటి చందా, ఆదివారం బస్సుకి విడిగా డబ్బులు. మంచి బూట్లు, వానకోటు, మధ్యాహ్నానికి తిండి, నీళ్లు తెచ్చుకుంటే చాలు. జీన్స్ వద్దన్నారు, తడిస్తే ఆరవు కనుక. నేను పులిహోర కట్టుకెళ్లేదాన్ని. ముందు మ్యాప్ పట్టుకుని ఒకరు, అందరికన్నా వెనక ఇంకొకరు నడుస్తారు. ఎంత నిదానంగా నడిచేవాళ్లయినా ఆ వెనక మనిషికి ముందే ఉండాలి. ప్రతి గేటు దగ్గరా తలలు లెక్కపెడతారు. గేటు తీసినవాళ్లే మూయాలి, పశువులు పక్క పొలంలో పడకుండా. మొదటి రోజు నాకు నేర్పిన నియమాల్లో అన్నిటికన్నా గట్టిది అదే.

ఆ మ్యాప్ మీద పొలాలకి అడ్డంగా ఆకుపచ్చ గీతలు చుక్కచుక్కగా సాగుతుంటాయి. అవి జనం నడవడానికి చట్టబద్ధంగా హక్కున్న బాటలు. ఇంగ్లండ్, వేల్స్‌లు కలిపితే ఇలాంటివి దాదాపు 2,25,000 కిలోమీటర్లు. భూమి ఆసామిదే, పంట ఆసామిదే, దాని మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. బాట పొలం మధ్యగా పోతే రైతు దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. దున్నిన 14 రోజుల్లో ఆ బాటను మళ్లీ నడవడానికి వీలుగా, కనీసం మీటరు వెడల్పున తీర్చి ఇవ్వాలి. పది నెలలు దాటిన పాడిజాతి ఆంబోతును బాట ఉన్న పొలంలో వదలకూడదని కూడా చట్టంలో రాసుంది. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "ఆంబోతు దాకా ఆలోచించారన్నమాట" అన్నాడు చివరికి.

ఇదంతా దొరల మంచితనం అనుకుంటే పొరపాటు. ఒకప్పుడు ఇక్కడ ఊరూరా ఉమ్మడి భూములుండేవి. పేదవాడు తన ఆవును అక్కడే మేపుకునేవాడు, కట్టెలు అక్కడే ఏరుకునేవాడు. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. ఎన్‌క్లోజర్ అంటే కంచె వేయడం. 68 లక్షల ఎకరాలు అలా కంచెల్లోకి పోయాయి, ఇంగ్లండ్ భూమిలో ఐదో వంతు. మేం నడిచే కొండల మీద సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడలు కనిపిస్తాయి. పల్నాడులో నాపరాళ్లు పేర్చిన దొడ్డిగోడలు చూసి పెరిగినదాన్ని కనుక మొదట వాటిని చూసి ముచ్చటపడ్డాను. వాటిలో చాలా భాగం ఆ కంచెల కాలంలో లేచినవేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాటి అందం చూస్తూనే అవి ఎవర్ని బయటికి నెట్టాయో కూడా తలుచుకుంటాను.

భూమి పోయిన జనంలో ఎందరో పట్నాలకి చేరారు. మాంచెస్టర్‌లో నూలు మిల్లులు, షెఫీల్డ్‌లో ఉక్కు కొలిమిలు. వారంలో ఆరు రోజులు పొగలో పని, ఆదివారం ఒక్కటే సెలవు. ఈ రెండు నగరాల మధ్య పీక్ డిస్ట్రిక్ట్ కొండలున్నాయి. 1894లో వాటి గుండా రైలు పడింది. షెఫీల్డ్ నుంచి అరగంటలో ఈడేల్ లోయలో దిగొచ్చు. 1900లో ఇక్కడి కార్మికులు క్లారియన్ రాంబ్లర్స్ అని నడకల సంఘం పెట్టుకున్నారు. దాన్ని నడిపిన జి.హెచ్.బి. వార్డ్ కూడా కొలిమి ఊరి మనిషే. కొలిమిలో ఆరు రోజులు గడిపినవాడికి ఏడో రోజు గాలి ఎంత అవసరమో నాకు ఇక్కడి చలికాలం పొగమంచులో కొంత అర్థమైంది.

కానీ రైలు దిగి తలెత్తి చూస్తే పైనున్న బీడు భూమంతా మూసి ఉండేది. హెదర్ పొదలతో నిండిన ఆ ఎత్తైన బీళ్లు డెవన్‌షైర్ డ్యూక్ వంటి భూస్వాములవి. అక్కడ గ్రౌస్ అనే పిట్టల్ని పెంచి, ఏటా ఆగస్టు 12 నుంచి తుపాకులతో వేటాడేవాళ్లు. ఏడాదిలో కొద్ది వారాల వేట కోసం మిగతా కాలమంతా కావలివాళ్లు కర్రలతో కాపలా. అక్రమంగా అడుగుపెట్టినవారిపై కేసు పెడతామని బోర్డులు. ఊరికే నడిచినంత మాత్రాన అది నేరం కాదు, భూస్వామి సివిల్ దావా వేసుకోవచ్చు, అంతే. అందుకే ఆ బోర్డుల్ని నడిచేవాళ్లు చెక్క అబద్ధాలని పిలుచుకునేవాళ్లు.

ఈ కథలో నాకు బాగా దగ్గరైన రోజు 1932 ఏప్రిల్ 24, ఆదివారం. మాంచెస్టర్‌లో పనిలేకుండా ఉన్న ఇరవై ఏళ్ల బెన్నీ రోత్‌మన్, అతని మిత్రులు కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి అందరం కలిసి వెళ్దామని ముందుగా చాటించారు. రుమేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం పిల్లవాడు అతను. స్టేషన్లో పోలీసులు తన కోసం కాచుకుని ఉంటారని సైకిల్ మీద హేఫీల్డ్ చేరాడు. బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర పాత రాతి క్వారీలో దాదాపు 400 మంది పోగయ్యారు. మాట్లాడాల్సినవాడు వెనక్కి తగ్గితే రోత్‌మనే బండరాయెక్కి మాట్లాడాడు. విలియం క్లఫ్ అనే వాగు లోయ వెంట ఎక్కి, గుర్తు ఇవ్వగానే బాట వదిలి వాలు మీదికి పాకారు. కావలివాళ్లతో పెనుగులాట జరిగింది, ఒక కావలివాడికి చీలమండ దెబ్బతింది. ఈడేల్ వైపు నుంచి షెఫీల్డ్ కార్మికులు పైకొచ్చి వాళ్లతో కలిశారు. దిగొచ్చాక హేఫీల్డ్‌లో అరెస్టులు. నడవడం నేరం కాదు కనుక అల్లరిమూక కూడటం వంటి నేరాలు మోపారు. జులైలో డెర్బీ కోర్టులో ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. రోత్‌మన్‌కి నాలుగు నెలలు.

ఆ శిక్షే జనానికి కోపం తెప్పించింది. అంతవరకు ఆ పని తప్పంటూ వచ్చిన నడకల సంఘాల పెద్దలు కూడా కలత పడ్డారు. నిజానికి ఆ ఒక్క రోజే చట్టాన్ని తెచ్చిందని చెప్పను. టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు ఆ దండయాత్ర వల్ల పెద్దగా ఒరిగింది లేదనేవాడు. ఆయన దారి వేరు. 1935లో ఒక దినపత్రికలో పెనైన్ కొండల వెంట స్కాట్లండ్ దాకా పొడవాటి బాట కావాలని రాసి, 1948లో పార్లమెంటు సభ్యుల్ని స్వయంగా ఆ కొండల మీద నడిపించాడు. ఎక్కడెక్కడ మూసేశారో వాళ్ల కాళ్లకే తెలియజెప్పాడు. మరుసటి ఏడాది జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. ఊరూరా ఉన్న బాటలన్నీ గుర్తించి మ్యాపుల మీద ఎక్కించాలని ఆ చట్టం కౌంటీలను ఆదేశించింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ దేశానికి మొదటి జాతీయ ఉద్యానమైంది. స్టీఫెన్‌సన్ కోరిన 268 మైళ్ల పెనైన్ వేని 1965లో, సరిగ్గా ఏప్రిల్ 24నే తెరిచారు. ఒకరు జైలుకెళ్లారు, ఒకరు నచ్చజెప్పారు. ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోమంటే నా వల్ల కాదు.

బాటలు దక్కినా, బాట వదిలి బీటిపై తిరిగే హక్కు కోసం 2000 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏటి చట్టం కొండలు, బీళ్లు, నమోదైన ఉమ్మడి భూముల మీద కాలినడకకు దారి తెరిచింది. 2002లో, కిండర్ సంఘటనకి 70 ఏళ్లు నిండినప్పుడు, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసిన తప్పుకి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. రోత్‌మన్ ఆ జనవరిలోనే చనిపోయాడు, ఆ మాట వినలేదు.

ఈ తేదీలు చదువుతుంటే నాకు మా ఊరివైపు మాటలు గుర్తొచ్చేవి. మా నాయనమ్మ పుల్లరి అనే మాట అనేటప్పుడు గొంతు మారేది. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారు వేసిన పన్ను అది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని మన నుంచి వేరుచేసింది. 1921లో పల్నాడు పుల్లరి కట్టబోమంది, 1922లో మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. అదే ఏడు మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. పదేళ్ల తర్వాత అదే దొరతనం తన గడ్డ మీద తన కుర్రాళ్లనే బీడెక్కినందుకు జైల్లో పెట్టింది. రెండూ సమానం అనను. మన వాళ్ల మీద తుపాకులు పేలాయి, ఇక్కడ కొద్ది నెలల జైలు. కానీ కంచె వేసిన చెయ్యి ఒక్కటే. అది తెలిశాక ఈ దేశపు మామూలు మనిషి నాకు పరాయివాడిగా అనిపించడం తగ్గింది.

రెండో ఏడు మార్చిలో క్లబ్ కిండర్ నడక పెట్టింది. బస్సు ఈడేల్‌లో దించింది, జేకబ్స్ లాడర్ అనే రాతిమెట్ల దారిన ఎక్కాం. పైన పీట్ నేల, నల్లగా, కాలేస్తే జారే ఊబిలా. పడమటి గాలి హోరుమంటోంది. 30 మీటర్ల కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం దగ్గరికొచ్చేసరికి ఆ గాలికి నీళ్లు కిందపడకుండా తిరిగి పైకెగిరి మా ముఖాల మీద చల్లాయి. చైనా నుంచి వచ్చిన అమ్మాయి, నైజీరియా అబ్బాయి, ఇక్కడి ఉక్కు కార్మికుడి మనవడు, నేను ఒకే బండరాయి చాటున కూర్చుని పులిహోర పంచుకున్నాం. తర్వాత విలియం క్లఫ్ వెంటే దిగాం. ఆ కుర్రాళ్లు ఎక్కిన లోయ అది. అడుగున బౌడెన్ బ్రిడ్జ్ క్వారీలో ఇప్పుడు కార్లు నిలుపుతారు. రాతిగోడకి ఆ రోజును గుర్తుచేసే పలక ఉంది. మా వెనక నడిచే మనిషి అందరూ దిగారా అని తలలు లెక్కపెడుతుంటే నేను తడి చేతితో ఆ పలకని తాకాను.

ఆ రాత్రి ఫోన్లో ఇదంతా నాన్నకి చెప్పాను, మ్యాపు సంగతితో సహా. చెరువుకి పోయే మా డొంక గుర్తొచ్చిందన్నాడు. నా చిన్నప్పుడు రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునేవి అందులో. ఇప్పుడు అటొకరు, ఇటొకరు గట్టు జరుపుకుంటూ వచ్చి ఒక బండికే కష్టమైంది. వానాకాలం పశువులు రోడ్డు చుట్టూ తిరిగి పోతున్నాయి. "రికార్డులో అది డొంక పోరంబోకే కదమ్మా" అన్నాడు. కాసేపాగి, "సోమవారం సర్వేయరు ఊళ్లోకొస్తాడు. పటంలో అది ఎన్ని లింకులుందో అడుగుతా" అన్నాడు.