మనోళ్ల తప్పు మనమే చెప్పాలె

దగ్గరికి జరుగున్రి బిడ్డా, మంటల ఇంకో కట్టె ఎగదొయ్యున్రి. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊకనే అనలే. మన వరంగల్ల ఆ మాటకు సాక్ష్యం మడికొండ కాళన్న. మీరు బడి పుస్తకాల సదివే కాళోజీ నారాయణరావు.

నిజాం జమాన్ల సర్కారును నిలదీసుడంటే ఇంటి మీద, పాణం మీద ఆశ ఇడుసుకునుడే. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటల మూడురంగుల జెండా ఎగిరేసిన్రని రజాకార్లు మీద వడి బత్తిని మొగిలయ్యను సంపిన్రు. గీ ఘోరానికి జవాబేందని కాళన్న నిజాం ప్రధాని మీర్జా ఇస్మాయిల్‌నే కవిత రాసి అడిగిండు. ఆ సర్కారు ఆయనను జేల్ల ఏసింది, ఊర్లె ఉండద్దని ఎల్లగొట్టింది. అయినా నోరు మూయలే.

గంత వరకు ఒక ఎత్తు. పరాయోని తప్పు చెప్పెతందుకు గుండె ఉంటె సాలు. మనోళ్లే గద్దెనెక్కినంక చెప్పుడుంది సూడు, అది ఇంకో ఎత్తు. కాళన్న 1958 నుంచి 60 దాక శాసనమండలిల ఉన్నడు. పెద్దోళ్లంత ఎరుకున్నోళ్లే. మెల్లగ మాట్లాడుకుంట ఉంటె కుర్చీ మీద కుర్చీ దొరుకుతుండె. ఆ తొవ్వ వట్టలే. ఎమర్జెన్సీల పోరగాండ్లను కాల్చి ఎన్‌కౌంటరని రాసుకున్న సంగతి తేల్చెతందుకు 1977ల తార్కుండే కమిటీ ఏస్తె, అండ్ల ఆయనొక మెంబరు. ఆ ఎన్క అసెంబ్లీ ఎన్నికలొస్తె ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదనే సత్తుపల్లిల నిలవడ్డడు. ఓడిండు. ఓడుతడని ఎరుకుండె, గని అడిగేటోడొకడు ఉండాలె గద!

తన మాటను సుత గట్లనే తూకమేసిండు. విశాలాంధ్ర కావాలన్న మనిషే, తెలంగాణకు అన్యాయం జరుగుతున్నదని అర్థమైనంక 1969 ఉద్యమం దిక్కు వచ్చిండు. మాట మార్చిండనిపించుకున్నా సరే, కండ్ల ముంగటి నిజాన్ని దాసిపెట్టలే.

అయితె నిజం చెప్పినోళ్లందరికి ఒక్కతీరుగ దక్కదు బిడ్డా. మన ఊర్లెనే పిల్లల డాక్టరు రామనాథం ఉండె, పౌరహక్కుల సంఘం నాయకుడు. 1985 సెప్టెంబర్ 3న ఆయన దవాఖానలనే కాల్చి సంపిన్రు. గందుకే నిజం చెప్పున్రని మిమ్ముల ఊకనే ఎగదొయ్య. ఒక్కన్ని ముంగటికి తోలి, మిగిలినోళ్లు ఎన్కకు జరుగుడే అసలు పాపం. ఆని తాన బలం లేదని అప్పుడే ఎదుటోనికి తెలుస్తది.

కాళన్న 2002ల పోయిండు. పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జేస్తున్నం, బొమ్మకు దండ ఏస్తున్నం. దండ ఏసుడు అలక. రేపు మీ సంఘంల, మీ పార్టీల, మీ కులపోళ్ల నడుమ ఓ పోరడో పోరియో లేచి ఇది తప్పు అన్నరనుకో, తలకాయ వంచుకోకున్రి. లేచి పక్కపొంటి నిలవడున్రి. అవునని గట్టిగ అనున్రి.